సినిమాలో భోజనం సీన్ ఎందుకు తేలిపోతుంది? బరంపురం నుంచి ఒక జవాబు

ముందు మీ ప్రశ్నని నా మాటల్లో చెప్పుకుంటాను, తేడా ఉంటే దిద్దండి. ఒడిశాలోని బరంపురంలో ఒక తెలుగు నేతవాళ్ళ ఇల్లు. సూరత్‌లో పవర్‌లూమ్ పనికి వెళ్ళిన కొడుకు రెండేళ్ల తర్వాత ఇంటికొస్తాడు. ఇరవై నిమిషాల షార్ట్ ఫిల్మ్. అందులో మూడు భోజనం సీన్లు. తీసి స్నేహితులకి చూపిస్తే "వంటల ఛానెల్‌లా ఉంది" అన్నారు. కొన్ని సినిమాల్లో తిండి చూస్తే మన గొంతులో ముద్ద దిగదు, మీ సీన్లు చూస్తే మాత్రం ఎవరికీ ఏమీ అనిపించడం లేదు, ఎందుకు అని అడిగారు.

జవాబు ముందే చెప్పేస్తాను. మీరు వంట తీశారు, వడ్డన తీయలేదు.

తెర మీద తిండికి వాసన రాదు, రుచి తెలీదు, వేడి తగలదు. చూసేవాడికి అందేవి వేరే ఉన్నాయి: ఎవరు ఎవరికి పెట్టారు, ఎంత పెట్టారు, ఎవరు ముందు కూర్చున్నారు, ఎవరు ఆఖర్న తిన్నారు, ఎవర్ని పిలవలేదు. "వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా పర్లేదు" అంటారు కదా. ఆ సామెతలో కూర పేరు లేదు, చూడండి. వడ్డించేవాడున్నాడు, బంతి ఉంది, కూర్చున్న చోటుంది. భోజనం సీన్‌కి కావలసిన సరుకంతా అదే.

ఇంత గట్టిగా చెప్పడానికి నేనెవర్ని అంటే, హైదరాబాద్‌లో పద్నాలుగేళ్లు సినిమాల్లో ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో పని చేశాను. సీన్లో ఎవరైనా తింటున్నారంటే ఆ కంచం, అందులో పదార్థం, పక్కన నీళ్ల చెంబు, అన్నీ నా నెత్తి మీదే. ఏడేళ్ల కిందట అమ్మకి ఒంట్లో బాగోక బరంపురం వచ్చేశాను. ఇప్పుడు ఇక్కడే పెళ్ళిళ్లకీ సంతర్పణలకీ వంటలు ఒప్పుకుంటాను. అంటే దొంగ భోజనమూ పెట్టాను, నిజం భోజనమూ పెడుతున్నాను.

దొంగ భోజనం సంగతి కొంచెం చెప్తాను, ఎందుకంటే మీ మొదటి తప్పు అక్కడే ఉంది. సెట్ మీద కూరలు సగమే ఉడికిస్తాం, లేకపోతే లైట్ల వేడికి రంగు పోతుంది. పైన బ్రష్‌తో నూనె రాస్తాం. ఆకుకూర తాజాగా కనపడాలంటే నీళ్లలో గ్లిజరిన్ కలిపి చిలకరిస్తాం. ఆవిరి కావాలంటే దూదిని వేడినీళ్లలో ముంచి గిన్నె వెనకాల దాస్తాం, కుదరకపోతే అగరుబత్తి. పెరుగు నీరు కక్కేస్తుంది కాబట్టి టేకు టేకుకీ కొత్త గిన్నె. అప్పడాలైతే ఒకే సైజువి ఇరవై దగ్గర పెట్టుకునేవాణ్ణి. ఆర్టిస్టు కొరికిన వంక చూసుకుని, తర్వాతి టేక్‌కి నేనే అదే వంకలో విరిచి పెట్టాలి. పన్నెండు టేకులు తింటే ఎవరి పొట్టా తట్టుకోదు కాబట్టి బల్ల కింద బకెట్ ఉంటుంది, కట్ అనగానే అందులో ఊసేస్తారు.

ఇంత కష్టపడితే వచ్చేది ఏమిటి? అందమైన కంచం. ఆ కంచం ముందు నిజంగా తినని మనిషి. రోజూ అన్నం తినే జనానికి తినని చెయ్యి క్షణంలో తెలిసిపోతుంది. అన్నంలో వేళ్ళు తిరుగుతుంటాయి గానీ ముద్ద అవ్వదు. మీ వీడియోలో తండ్రి పాత్ర చేస్తున్నది సరిగ్గా అదే. డైలాగు చెప్తూ పప్పన్నాన్ని బొమ్మలు వేస్తున్నట్టు కదుపుతున్నాడు. ఆయన్ని పొద్దున్నించీ ఏమీ పెట్టకుండా ఉంచి, మధ్యాహ్నం రెండింటికి సీన్ పెట్టండి. తిడితే తిట్టనివ్వండి.

ఒక సినిమా సంగతి చెప్తాను, పేరొద్దు. పేద ఇంట్లో రాత్రి భోజనం. డైరెక్టర్‌గారికి ఫ్రేమ్ నిండుగా కావాలి. అరిటాకు, పదకొండు రకాలు, నెయ్యి గిన్నె. "సార్, ఈ ఇంట్లో ఇన్ని వండరు" అన్నాను. "కలర్ కావాలయ్యా" అన్నారు. సరే, కలర్ పెట్టాను. అమ్మమ్మ వేషానికి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉంది, జూనియర్ ఆర్టిస్టు. రిహార్సల్లో ఆవిడకి ఎవరూ ఏమీ చెప్పలేదు. తన ఆకులో అప్పడం తీసుకుంది, రెండు ముక్కలు చేసింది, పెద్ద ముక్క పక్కన కూర్చున్న పిల్లాడి ఆకులో పెట్టింది. వాడి వంక చూడనైనా చూడలేదు. చెయ్యి దానంతటది వెళ్ళి పెట్టేసి వచ్చింది. కెమెరామన్ చూశాడు, నేను చూశాను. టేక్ దగ్గరికొచ్చేసరికి అసిస్టెంట్ డైరెక్టర్ పరుగెత్తుకొచ్చి "అమ్మా, అప్పడం ముట్టుకోకండి, కంటిన్యుటీ పోతుంది" అన్నాడు. పదకొండు రకాలూ సినిమాలో ఉన్నాయి. ఆ అప్పడం ముక్క లేదు.

ఇక మీరు అడిగిన "కొన్ని సినిమాల" సంగతి. తిండి సినిమాలంటే అందరూ మొదట చెప్పేది 1957 నాటి మాయాబజార్. చిన్నప్పుడు ఎస్వీ రంగారావు ముందున్న గారెలూ లడ్డూలూ చూసి నాకూ నోరూరింది. పెళ్లి వంటలు ఒప్పుకోవడం మొదలుపెట్టాక అందులో ఇంకొకటి కనిపించింది. పెళ్లి భోజనమంటే వంద మంది వరసగా కూర్చోవాలి. వడ్డించేవాళ్ళు బకెట్లు పట్టుకుని పరుగులు పెట్టాలి. ఆకుకి చెయ్యడ్డం పెట్టినా వినకుండా ఇంకో గరిటె వెయ్యాలి. మగపెళ్లివారిలో ఎవరో ఒకరు అలగాలి. ఇక్కడేమో మగపెళ్లివారి కోసం సిద్ధం చేసిందంతా ఘటోత్కచుడు ఒక్కడే కూర్చుని లాగించేస్తాడు. బంతి లేదు. వడ్డించేవాడు లేడు, లడ్డూలే ఎగిరొచ్చి నోట్లో పడతాయి. మన నవ్వు అక్కణ్ణుంచే వస్తోంది. వంద మంది మర్యాదగా పంచుకోవలసినదాన్ని ఒక్కడు ఏ మర్యాదా లేకుండా తినేస్తున్నాడు, పైగా ఆనందంగా తింటున్నాడు. ఎన్ని రకాలున్నాయన్నది లెక్కలోకే రాదు. వడ్డన లేకపోవడమే అక్కడి తమాషా.

దీనికి పూర్తిగా ఎదురు కొసన సత్యజిత్ రాయ్ పథేర్ పాంచాలి ఉంది, 1955. మిఠాయి అమ్మేవాడు కావడి వేసుకుని ఊళ్లోకొస్తాడు. అక్కాతమ్ముళ్ళు దుర్గ, అపు దగ్గర డబ్బుల్లేవు. అతని వెనకాల నడుస్తారు. వాళ్ళ వెనకాల ఒక కుక్క. ఆ వరసంతా చెరువు నీళ్లలో తలకిందులుగా కనిపిస్తుంది. ఆ పిల్లలు మిఠాయి కొనలేదు, కెమెరా మిఠాయికి క్లోజప్ వెయ్యలేదు. బరంపురంలో ఒకసారి కాలేజీ పిల్లలకి ఈ సినిమా వేశారు, నేనూ వెళ్ళాను. అప్పటిదాకా ఫోన్లు చూసుకుంటున్న కుర్రాళ్ళు ఆ సీన్ దగ్గర తలెత్తారు. ప్రతివాడికీ ఇలాంటిది ఒకటుంటుంది. నాకైతే మా వీధిలో బళ్ళో రసగుల్లాల డేక్సా పెట్టుకుని తిరిగే ఒడియా తాత. దాని మీద మూత తీసినప్పుడు వచ్చే ఆవిరి, ఈగల్ని తోలుతూ ఆయన ఊపే తువ్వాలు.

2013లో వచ్చిన ది లంచ్‌బాక్స్‌లో మీరు నేర్చుకోవలసింది ఇంకొకటుంది. ముంబైలో ఒకావిడ భర్తకి పంపిన డబ్బా పొరపాటున ఎవరో అపరిచితుడికి చేరుతుంది. ఆవిడకి మొదట తెలిసేది ఏమిటి? డబ్బా ఖాళీగా తిరిగొచ్చింది. తుడిచిపెట్టినట్టు ఖాళీ. కథంతా ఆ ఖాళీ డబ్బాలోంచి మొదలవుతుంది. నేను పెళ్ళిళ్లలో చేసేదీ ఇదే. వంట ఎలా ఉందని ఎవర్నీ అడగను, అడిగితే అందరూ బాగుందనే అంటారు. ఎత్తేసిన ఆకులు చూస్తాను. మీ సినిమాలో తిన్న తర్వాతి కంచం ఒక్కసారి కూడా లేదు.

జియో బేబీ తీసిన మలయాళం సినిమా ది గ్రేట్ ఇండియన్ కిచెన్ (2021) చూశారో లేదో. చూడకపోతే ఇవాళే చూడండి. దాన్ని తిండి సినిమాగా ఎవరూ లెక్కపెట్టరు గానీ, నా లెక్కలో అంతకంటే తిండి సినిమా లేదు. కొత్తకోడలు కూరలు తరుగుతుంది, కొబ్బరి తురుముతుంది, వండుతుంది, వడ్డిస్తుంది, కడుగుతుంది. మళ్లీ మరునాడు అదే. మామగారికి అన్నం కట్టెల పొయ్యి మీదే ఉడకాలి, పచ్చడి రోట్లోనే నూరాలి. వంట షాట్లు మొదట్లో ఎంత అందంగా ఉంటాయంటే మీకూ నాకూ ఆకలేస్తుంది. అది డైరెక్టర్ మనకి వేసిన ఎర. మగవాళ్ళు తిని లేచిపోయాక బల్ల మీద నమిలి ఊసిన పిప్పి, మెతుకులు, చిందిన పులుసు ఉంటాయి. ఆ బల్ల దగ్గరే ఆ అమ్మాయి కూర్చుని తినాలి. ఆపైన సింకు కింద పైపు కారడం మొదలవుతుంది, బాగుచేయించమంటే భర్త పట్టించుకోడు, ఆ మురికి నీళ్లు రోజూ ఆమే ఎత్తిపోసుకోవాలి. సినిమా సగానికొచ్చేసరికి అదే తాలింపు, అవే కూరలు, మనకి ఆకలి చచ్చిపోతుంది. పదార్థం మారలేదు, వడ్డించే మనిషి మనకి కనిపించడం మొదలైంది, అంతే. మీరు వంట అందంగా తీశారు కాబట్టి అడుగుతున్నాను: ఆ అందాన్ని ఎక్కడ విరిచారు? విరవకపోతే అది వంటల ఛానెలే, మీ స్నేహితులు తప్పనలేదు.

ఒక చిన్న ముచ్చట, సెట్ మీద వస్తువులు చూసుకున్న మనిషిని కాబట్టి చెప్పకుండా ఉండలేను. 1925లో చాప్లిన్ ది గోల్డ్ రష్‌లో ఆకలికి తట్టుకోలేక బూటు ఉడకబెట్టుకుని తింటాడు. షూటింగ్‌లో ఆ బూటుని లికరిష్‌తో, అంటే మన అతిమధురంతో చేసే మిఠాయితో తయారుచేశారు. లేసుల్ని నూడుల్స్‌లా చుట్టుకుని, మేకుల్ని ఎముకల్లా చీకుతాడు. అక్కడ కూడా చూడండి, తినేముందు పెద్దమనిషిలా దాన్ని కోసి తోటివాడికి వడ్డిస్తాడు. తినేది బూటైనా వడ్డన వడ్డనే.

మన తెలుగులో మిథునం (2012) మొదటి నుంచి చివరిదాకా ఇద్దరు ముసలివాళ్ళూ వాళ్ళ తిండీనే. బాలసుబ్రహ్మణ్యం, లక్ష్మి తప్ప తెర మీద మూడో మనిషి లేడు. ఆవకాయ మీదా కాఫీ మీదా పాటలున్నాయి. చాలామందికి అది ప్రాణం, నాకూ ఇష్టమే. కాకపోతే అది తీరిక ఉన్న ఇల్లు, పెరడున్న ఇల్లు. మీ కథలో ఇల్లు రెండు గదులు, అందులో సగం మగ్గం. ఆ సినిమా రంగులు తెచ్చి ఈ ఇంటికి పూయకండి.

మన సినిమాల మీద నాకో ఫిర్యాదుంది, ఇక్కడే చెప్పేస్తాను. ముప్పై ఏళ్ల హీరోకి అమ్మ గోరుముద్దలు తినిపించే సీన్ నేను కనీసం పాతికసార్లు సెట్ చేసి ఉంటాను. ఆ అమ్మ ఏం తిన్నదో చూపించిన సీన్ ఒక్కటి సెట్ చెయ్యలేదు. ఒక్కటంటే ఒక్కటి.

ఇప్పుడు మన ఊరికొస్తాను, ఎందుకంటే మీ అసలు బలం అక్కడుంది, మీరు దాన్ని వాడుకోలేదు. మీ సినిమాలో ఇంటి బయట బోర్డు ఒడియాలో ఉంది, లోపల భోజనం మాత్రం విజయవాడ హోటల్లో మీల్స్‌లా ఉంది. మన గంజాం జిల్లా తెలుగువాళ్ళ ఇల్లు అలా ఉండదు కదండీ. 1936లో ఒడిశా వేరే రాష్ట్రమయ్యేదాకా మనం మద్రాసు ప్రెసిడెన్సీ వాళ్ళం. సరిహద్దు మారింది, పొయ్యి మారలేదు. మనం ఆవపెట్టిన కూర అంటాం, పక్కింటివాళ్ళు బెసర అంటారు. మనం చోడి అంబలి అంటాం, వాళ్ళు మండియా జావు అంటారు. రాత్రి అన్నంలో నీళ్లు పోసి పెడితే పొద్దునకి పుల్లబడే ఆ నీటిని మనం తరవాణి అంటే వాళ్ళు తొరాణి అంటారు. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారో నన్నడక్కండి.

ఆ నీళ్లన్నం దగ్గరే ఒక నిమిషం ఆగుతాను. మా ఇంటికీ పక్కింటికీ మధ్య ఒకే గోడ. అటువైపు అది పఖాళ. వడియాలు వేయించి నలిపి, వెల్లుల్లి, పచ్చిమిర్చి కలిపిన బడి చూరా, పక్కన సాగ భజా, అంటే ఆకుకూర వేపుడు, వేయించిన చేప ముక్క. మార్చి 20న పఖాళ దిబస అని పండగలా చేసుకుంటారు. చుట్టాలొస్తే వరండాలో కూర్చోబెట్టి మరీ పెడతారు. గోడకి ఇటువైపు అదే అన్నం, అదే కుండ, పేరు చద్దన్నం. మా నాన్న మగ్గమెక్కే ముందు ఉల్లిపాయ కొరుక్కుని తినేవాడు. కానీ వీధి తలుపు చప్పుడైందా, అమ్మ ఆ కుండ తీసి పొయ్యి వెనక్కి జరిపేది. విజయనగరం నుంచి మా మేనత్త వచ్చినప్పుడైతే మూడు రోజులు చద్దన్నం మాటే ఎత్తేవాళ్ళం కాదు. పిల్లాడిగా నాకు అర్థమయ్యేది కాదు, పక్కింట్లో అందరికీ చూపించి తినేదాన్ని మా ఇంట్లో ఎందుకు దాస్తారు అని. ఒకే అన్నం గోడకి అటువైపు గొప్ప, ఇటువైపు నామోషీ. మీ సినిమాకి ఇంతకంటే మంచి షాట్ నేను ఇవ్వలేను: తలుపు చప్పుడు, కుండ జరిపే చెయ్యి. ఒక్క మాట కూడా అక్కర్లేదు.

ఇంకో గోడ ఉంది, పాతది. 1866 కరువు, ఒడియావాళ్ళు నఅంక దుర్భిక్ష అంటారు. దాదాపు పది లక్షల మంది పోయారంటారు. సర్కారువాళ్ళు అన్నసత్రాలు పెట్టారు. ప్రాణం నిలుపుకోడానికి ఆ సత్రాల్లో తిన్నవాళ్ళని తర్వాత కులంలోంచి వెలివేశారు. ఛత్రఖియా అని వాళ్ళకో పేరే పడింది, సత్రంలో తిన్నవాళ్ళని. ఎవరు వండారో, ఎవరి పక్కన కూర్చున్నారో తెలియని అన్నం తిన్నారన్నదే నేరం. ఇదంతా సినిమాలో పెట్టమని చెప్పడం లేదు, ఇరవై నిమిషాల్లో పట్టదు కూడా. కానీ ఈ నేల మీద "ఎవరింట్లో తిన్నావు" అన్న ప్రశ్న ఎంత బరువైనదో మీకు తెలిసుండాలి. మా అమ్మ నేను బడి నుంచి ఆలస్యంగా వస్తే "ఎక్కడున్నావు" అనేది కాదు. "ఏటి తిన్నావు, ఎవులెట్టారు?" అనేది.

సరదాది కూడా ఒకటి చెప్తాను. నాలుగేళ్ల కిందట ఒక పెళ్లి ఒప్పుకున్నాను. అబ్బాయిది తెలుగు ఇల్లు, అమ్మాయిది ఒడియా ఇల్లు. మెనూ ఇద్దరినీ అడిగే రాసుకున్నాను. అన్నం, కూరముక్కలేసిన పప్పు డాలమా, బెసర, పనసపొట్టు కూర, పుల్లతీపి టమాటా ఖట్టా, ఆఖర్న ఖీరి, అంటే పాయసం. తప్పెక్కడ జరిగిందంటే పెరుగు సంగతి ఎవరూ ఎత్తలేదు, నేనూ అడగలేదు. ఖీరి అయ్యింది. అమ్మాయి తరఫువాళ్ళు తృప్తిగా లేచి చేతులు కడుక్కోడానికి వెళ్ళారు. అబ్బాయి తరఫు పెద్దవాళ్ళు కూర్చునే ఉన్నారు. ఆకులో కొంచెం తెల్లన్నం పక్కకి తీసి పెట్టుకుని, చెయ్యి ఆకు మీద ఆనించి, ఎదురు చూస్తున్నారు. ఇటు ఖాళీ బల్లలు, అటు పదిహేనుమంది పెద్దవాళ్ళు నిశ్శబ్దంగా పెరుగు కోసం. ఆడపెళ్లివాళ్ళు "ఏమైంది, కోపం వచ్చిందా?" అని కంగారుపడ్డారు. నేను మనిషిని స్కూటర్ మీద డెయిరీకి పంపాను. ఆ పావుగంట నాకు పావు సంవత్సరంలా గడిచింది. పెళ్లికొడుకు తాతగారు ఒక్క మాటనలేదు, ఆ తెల్లన్నం మీంచి చెయ్యి మాత్రం తియ్యలేదు. మీలాంటివాళ్ళు అక్కడుంటే కెమెరా తియ్యవలసింది అప్పుడు.

ఇప్పుడు నా మాటకి నేనే అడ్డం చెప్తాను. వడ్డన వడ్డన అని చెప్పాను కదా అని, అమ్మని త్యాగమూర్తిని చేసేసి కన్నీళ్లు పెట్టించకండి. మా అమ్మ ఎప్పుడూ అందరూ తిన్నాకే తినేది. గిన్నె అడుగున గరిటెతో గీకిన చప్పుడు వినిపిస్తే అమ్మ భోజనం మొదలైందని లెక్క. పాపం మాకు పెట్టేసి మాడు తింటోందని చాలా ఏళ్లు బాధపడ్డాను. ఇక్కడికి వచ్చేశాక ఒకరోజు ముందు తనకే వడ్డించి, అడుగంటింది నేను తీసుకోబోయాను. చెయ్యి పట్టుకుని లాగేసుకుంది. "త్యాగం ఏట్రా, మాడే రుచి. మీకెట్టేస్తే ఇల్లు సద్దుమణిగినాక రేడియో ఎట్టుకుని తినేదాన్ని" అంది. మరి ముందు రోజుల్లో కూర లేక ఒట్టి మాడు తిన్న రాత్రులు లేవా అంటే, అవీ ఉన్నాయి. "ఉంటాయి, ఏటి సేత్తాం" అంది. రెండూ నిజమే. ఆఖర్న తినే మనిషి బాధ మాత్రమే తీస్తే సగం తీసినట్టు. ఆ రేడియో కూడా తీయండి.

అలాగే ప్రతి ముద్దకీ అర్థం ఉండనక్కర్లేదు. ఒక్కోసారి మనిషికి ఆకలేస్తుంది, తింటాడు. మీ మూడు సీన్లలో ఒకటి అలా వదిలెయ్యొచ్చు.

మీ సీన్లకొస్తే, మొదటిది, స్టేషన్ నుంచి రాగానే విందు. పన్నెండు రకాలు తీసెయ్యండి. ఈ ఇంట్లో కొడుకు వస్తున్నాడంటే ఒక్కటి కొత్తగా కొంటారు, చేపో కోడో. ఆ ఒక్కదాన్ని ఎలా పంచారో చూపించండి. కొడుకు కంచంలో ఎన్ని ముక్కలు, తండ్రి కంచంలో ఎన్ని, చెల్లెలికి పులుసేనా? చెల్లెలి వయసు పదహారని రాశారు. ఆ వయసు పిల్ల లెక్కపెట్టకుండా ఉండదు.

రెండోది, మీరు రాసినదాంట్లో నాకు బాగా నచ్చింది, కానీ మీరే చెడగొట్టుకున్నారు. సూరత్‌లో గంజాం కుర్రాళ్ళు ఎలా ఉంటారో నాకు తెలుసు, మా పిన్ని కొడుకు ఆరేళ్లు ఉన్నాడు. పగటి షిఫ్టువాడు లేచిన చాప మీద రాత్రి షిఫ్టువాడు పడుకుంటాడు. మెస్‌లో నీ వెనకాల ఇంకో పదిమంది నిలబడి ఉంటారు, తొందరగా తినెయ్యాలి, కంచం నువ్వే కడుక్కోవాలి. మావాడు మొదటిసారి ఇంటికొచ్చినప్పుడు అయిదు నిమిషాల్లో తినేసి, లేచి, ఎవరూ చెప్పకుండా పెరట్లోకి వెళ్ళి కంచం కడిగి బోర్లించాడు. పిన్ని చేతిలో మజ్జిగ గిన్నెతో గుమ్మంలో నిలబడిపోయింది. వాడికి తెలీనే లేదు. మీ సినిమాలో కొడుకు నెమ్మదిగా తింటూ "అమ్మా, నీ చేతి వంట తిని ఎన్నాళ్లయిందో" అంటున్నాడు. ఆ డైలాగు కొట్టేసి, వాడి చేత కంచం కడిగించండి.

మూడోది ఠాకురాణి యాత్ర, అంటే మన ఊరి అమ్మవారి జాతర రోజు. వాడు రెండేళ్లకి రావడం, యాత్ర రెండేళ్లకొకసారి రావడం, మీరు కావాలనే కలిపారనుకుంటాను, మంచి ఆలోచన. అమ్మవారు నేతవాళ్ళ కులపెద్ద దేశీ బెహెరా ఇంటికి పుట్టింటికి వచ్చినట్టు వస్తుందని ఊరంతా నమ్ముతుంది. ఊరికి ఆడపడుచు, ఇంటికి కొడుకు ఒకేసారి వచ్చారు. దీన్ని మాటల్లో చెప్పించకండి, ఇక్కడివాళ్ళకి అర్థమవుతుంది, మిగతావాళ్ళకి అర్థం కాకపోయినా నష్టం లేదు. ఆ రోజు భోజనం మాత్రం ఇంట్లో కాకుండా, పక్కింటి ఒడియావాళ్ళ వరండాలో పెట్టండి. గోడకి అటువైపు. అమ్మ అక్కడ పఖాళ తింటుంది, అందరి ముందూ.

ఒక పని మాట చెప్పి ఆపుతాను. ఆ సీన్‌కి అన్నంలో నీళ్లు అప్పటికప్పుడు పొయ్యకండి, మెతుకు గట్టిగా నిలబడి కెమెరాకి తెలిసిపోతుంది. ముందు రోజు రాత్రే, వీలైతే మట్టి కుండలో, వండిన అన్నం చల్లారాక నీళ్లు పోసి పెట్టండి. పొద్దునకి మెతుకు ఉబ్బి, అంచులు మెత్తబడి, నీళ్లు తెల్లగా తిరుగుతాయి. కనీసం రెండు కుండలు పెట్టుకోండి, ఎండలో మూడు గంటలు దాటితే పులుపు ఎక్కువై ఆర్టిస్టులు మొహం చిట్లిస్తారు. ఉల్లిపాయ కోయించకండి, గుప్పిట్లో చితకగొట్టించండి. గ్లిజరిన్ డబ్బా ఇంట్లో వదిలేసి రండి.